డోలు కొట్టినవాళ్ల వాటా ఎక్కడ?

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న ఒగ్గు కళాకారులకు నమస్కారం. అందరి పేర్లూ చెప్తే టైం అయిపోతుంది, క్షమించాలి.

సంగీత సాఫ్ట్‌వేర్‌లో లైసెన్సుల గురించి మాట్లాడమన్నారు. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఒక వాయిద్యం మోతనో, ఎఫెక్టునో ఇస్తుంది. మనం రాసే ప్లగిన్ ఆ సాఫ్ట్‌వేర్‌లో నడవాలంటే రెండింటినీ కలిపే ఒక ఫార్మాట్ కావాలి. స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్‌టీ అనే ఫార్మాట్‌ను తెచ్చింది. దాని రెండో వెర్షన్ వీఎస్‌టీ 2కి కొత్త లైసెన్సులు ఇవ్వడం 2018లో ఆపేసింది. అంతకుముందే సంతకం పెట్టినవాళ్లకు ఢోకా లేదు, కొత్త పిల్లలకు మాత్రం ఆ దారి మూసుకుపోయింది. 2022లో బిట్‌విగ్, యు-హీ అనే రెండు కంపెనీలు కలిసి క్లాప్ అనే ఫార్మాట్‌ను ఎంఐటీ లైసెన్సుతో అందరికీ ఇచ్చాయి. ఫీజు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పొత్తు అంటే అట్లా ఉండాలి.

ప్లగిన్లు రాయడానికి వాడే జూస్ ఫ్రేమ్‌వర్క్ గురించి కూడా రాసుకొచ్చాను. కానీ ఈ డోళ్లను ఎదురుగా చూశాక ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను.

ఐనవోలు మల్లన్న జాతరలో డోలు కొట్టే కాక ఒకాయన ఉన్నాడు. ఒక కంపెనీ ఆయన్ను స్టూడియోకు తీసుకుపోయి పొద్దంతా కొట్టించింది. మెల్లగా, గట్టిగా, అంచు మీద, మధ్యలో, ఒక్కో దెబ్బ విడివిడిగా రికార్డు చేశారు. సాయంత్రం కొంత పైకం చేతిలో పెట్టి, ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆ కాగితం నేను చదివాను. శాశ్వతంగా, ప్రపంచమంతటా హక్కులు కంపెనీవే అని ఉంది. ఇప్పుడు ఆ దెబ్బల రికార్డింగులను, అంటే శాంపిల్స్‌ను, ప్లగిన్‌లో పెట్టి అమ్ముతున్నారు. కాక పేరు ఎక్కడా లేదు. కోడ్ రాసినవాళ్లకు కాపీ కాపీకి వాటా, ఆ మోత పుట్టించిన మనిషికి ఒక్కరోజు కూలి! మీరే చెప్పండి, న్యాయమేనా?

చట్టం ఆయన పక్కనే ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ కళాకారులకు తమ ప్రదర్శన మీద ఉండే హక్కుల కోసం 38ఎ, 38బి సెక్షన్లు చేర్చింది. పేరు వేయమని అడిగే హక్కు కూడా అందులో ఉంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే 5 ఏళ్లే అనుకోవాలి, ప్రాంతం లేకపోతే ఇండియా వరకే. అందుకే కంపెనీలు ఆ రెండు మాటలూ మర్చిపోకుండా రాయించుకుంటాయి. రాయించుకుంటున్నప్పుడు పక్కన చదివి చెప్పేవాళ్లే ఉండరు.

ఇక్కడ లా చదివే పిల్లలున్నారు, ప్లగిన్లు రాసేవాళ్లున్నారు. సభ అయ్యాక వెళ్లిపోకండి. తెలుగులో ఒక అగ్రిమెంట్ రాద్దాం: గడువు ఎంత, ఏ పనికి వాడతారు, అమ్మిన ప్రతి కాపీకి వాటా ఎంత, పేరు ఏ స్క్రీన్ మీద వస్తుంది. ముసాయిదాను ఈ ముందు వరుసకే మొదట చదివి వినిపిద్దాం. వాళ్లు వద్దన్న మాట కొట్టేద్దాం.