కాటాకెక్కిన నీళ్లు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. మళ్లీ మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది. 'చిన్న కట్టెల వ్యాపారులు ఏ యంత్రాలు కొనాలి' అన్న అంశం నాకు అప్పగించారు. సరే, దాని గురించే మాట్లాడతాను. కాసేపు.

రోజుకు ఒక బండి కట్టె కొట్టేవాడికి మంచి చెయిన్ రంపం, బరువైన గొడ్డలి, దుంగలో దిగ్గొట్టి చీల్చే రెండు ఇనప చీలలు, ఒక పాత టైరు చాలు. టైరెందుకంటారా? దాన్ని కొట్టుడు మొద్దు మీద బిగించి, లోపల దుంగ నిలబెట్టి కొట్టండి. పేళ్లు చెల్లాచెదురుగా ఎగరవు, దెబ్బదెబ్బకీ వంగి ఏరుకునే పని ఉండదు, నడుం మిగులుతుంది. కొట్టేముందు దుంగ కొస ఒకసారి చూడండి. మధ్య నుంచి అంచు వైపు సన్నగా బీటవారి ఉంటుంది. దెబ్బ ఆ బీట మీద పడాలి, ముడికి ఎంత దూరమైతే అంత మంచిది. మరీ లావు దుంగైతే నడుమ జోలికి పోవద్దు, అంచుల నుంచి చెక్కలు తీసుకుంటూ రండి. హైడ్రాలిక్ మెషిను కొన్నవాళ్లకు ఒక్కటే మాట: కట్టె పెట్టే మనిషే లివరు లాగాలి. ఒకరు పెట్టి ఇంకొకరు లాగే చోటే వేళ్లు పోతాయి.

యంత్రాల సంగతి అయిపోయింది. ఇప్పుడు నేను అసలు వచ్చిన పని.

తూకం. మనందరి కడుపు కొడుతున్నది ఆ తూకమే.

ఒక పెద్ద కొనుగోలుదారు ఉన్నాడు, పేరు వద్దు. ఒకే తోటలో కొట్టిన చెట్లను నేనూ, పక్క అడితి ఆయనా చెరిసగం పంచుకున్నాం. ఆయన కోసినవి కోసినట్టే బండికెత్తి తోలేశాడు. నేను చీల్చి, పేర్చి, ఏడాది ఎండబెట్టి తీసుకెళ్లాను. నా బండి కాటా ఎక్కింది. గుమాస్తా చీటీ రాస్తూ, తల కూడా ఎత్తకుండా, "ఏమయ్యా, కట్టె తెచ్చావా, దూది తెచ్చావా?" అన్నాడు. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లూ నవ్వారు. ఏడాది చాకిరీ చేసినందుకు పక్కాయనకంటే నాకు మూడో వంతుకు పైగా తక్కువ వచ్చింది.

ఎందుకు తక్కువొచ్చిందో లెక్క చెబుతాను, ఫోన్లు పక్కన పెట్టి వినండి. అప్పుడే కొట్టిన చెట్టులో, జాతిని బట్టి, బరువులో సుమారు సగం నీళ్లే ఉంటాయి. 100 కిలోల పచ్చి కట్టె అంటే 50 కిలోల చెక్క, 50 కిలోల నీళ్లు అనుకోండి. తేమ 20 శాతానికి దిగేదాకా ఆరబెడితే అది 62.5 కిలోలవుతుంది. చెక్క ఎక్కడికీ పోలేదు. పోయిన 37.5 కిలోలూ నీళ్లే.

ఇప్పుడు రెంటినీ పొయ్యిలో పెట్టండి. కిలో నీళ్లు కాగి ఆవిరైపోవడానికి దాదాపు 2.6 మెగాజౌల్స్ వేడి తినేస్తాయి. పూర్తిగా ఎండిన కిలో చెక్క ఇచ్చేది 18, 19. అంటే ఆ 37.5 కిలోల నీళ్లను తరమడానికే 5 కిలోల చెక్క కాలిపోవాలి. మిగతాది ఆ తర్వాతే. 62 కిలోల నా కట్టె, 100 కిలోల ఆయన కట్టెకంటే ఎక్కువ వేడినిచ్చింది! డబ్బు మాత్రం నీళ్లకొచ్చింది. ఇది కాగితం మీది లెక్కే. పొయ్యిలో ఇంకా ఘోరం. పచ్చి కట్టె మంటను చల్లార్చేస్తుంది, కొసల్లోంచి నురగ కక్కుతుంది, సగం కాలిన పొగ పొయ్యి గొట్టంలో నల్లటి జిగురై పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. అదే ఒకరోజు అంటుకుంటుంది, పైకప్పు దాకా పోతుంది.

కొన్నాళ్లకు ఆ కొనుగోలుదారే ఫోన్ చేసి, "కట్టెలు మండట్లేదయ్యా, ఒకటే పొగ, మీవాళ్లకు కాస్త చెప్పు" అన్నాడు. మావాళ్లకేం చెప్పను? కాటా వేసి నీళ్లు కొన్నది ఎవరు?

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, ఏడాది పాటు పెట్టుబడి ఎవరు ఆపుతారని. న్యాయమైన ప్రశ్నే బాబూ. అన్నీ ఏడాది ఆపక్కర్లేదు. కట్టెలోని నీళ్లు ఎక్కువగా కోసిన కొసల్లోంచే పోతాయి, బెరడులోంచి పోనే పోవు అన్నట్టుంటుంది. అందుకే ముందు పొట్టిగా కోసి, తర్వాత సన్నగా చీల్చండి. నేల తాకకుండా దిమ్మెల మీద ఒంటి వరసగా, గాలి దూరేలా పేర్చండి. పైన మాత్రం కప్పండి, పక్కలు వదిలేయండి. నాలుగు వైపులా పట్టా చుట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఎండబెట్టడం కాదు, బూజు పెంచడం. తేలిక జాతులు ఒక ఎండల కాలంలోనే ఆరిపోతాయి. ఓక్ లాంటి గట్టి జాతులకు రెండేళ్లు కూడా పట్టొచ్చు. రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఇంకా ఆపలేనివాళ్లు పచ్చిదే అమ్ముకోండి, నేనేం తప్పనను. పచ్చిది పచ్చిదని చెప్పి, పచ్చిదాని ధరకే అమ్మండి.

మరి ఎలా కొలవాలి? ఘనపుటంతో. ఇదేం నేను కనిపెట్టింది కాదు. 1795లో ఫ్రాన్సులో మెట్రిక్ కొలతలు తెచ్చినప్పుడు కట్టెల కోసమే 'స్టీర్' అని వేరే కొలత పెట్టారు, ఒక ఘనమీటరు. అమెరికాలో 'కార్డ్' ఉంది, పేర్చిన కట్టె 128 ఘనపుటడుగులు. ఎండినా తడిసినా పేర్చిన వరస కొలత పెద్దగా మారదు కాబట్టి, అందులో నీళ్లు దాక్కోలేవు.

గాలి దాక్కుంటుంది కదా అని మీరే అంటారు. అవును, దాక్కుంటుంది. అడ్డదిడ్డంగా పేర్చి ఘనమీటరు అనే మహానుభావులు ఈ హాల్లోనే ఉన్నారు, నేను వాళ్ల వైపు చూడను. చక్కగా పేర్చిన ఘనమీటరులో కూడా అసలు చెక్క మూడింట రెండు వంతుల చిల్లరే. అదే కట్టెను బండిలో గుమ్మరిస్తే ఒకటిన్నర ఘనమీటర్ల దాకా కనపడుతుంది. కాబట్టి 'పేర్చినదా, గుమ్మరించినదా' అన్నది నోటిమాటగా వదలకూడదు.

తేమ మీటరు గురించి కూడా ఒకటి చెప్పాలి, దాంతోనూ ఆటలాడుతున్నారు. మొత్తం బరువులో 20 శాతం నీళ్లున్న కట్టెకు సూదుల మీటరు 25 చూపిస్తుంది, ఎందుకంటే అది ఎండు చెక్క బరువు మీద లెక్కగడుతుంది. రెండూ నిజమే. అమ్మేటప్పుడు ఒక లెక్క, కొనేటప్పుడు ఇంకో లెక్క వాడేవాడే దొంగ. పైగా సూదులు బయటి ముఖానికి గుచ్చితే ఏం తెలుస్తుంది? పేడును అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖానికి గుచ్చాలి.

అందుకని ఒక చీటీ తయారుచేసి తెచ్చాను, వరసల్లో పంచుతున్నారు చూడండి. ప్రతి బండితో ఇది వెళ్లాలి. ఏ చెట్టు, ఎక్కడ కొట్టింది, ఎప్పుడు చీల్చింది, పేర్చిన ఘనపుటం ఎంత, తాజాగా చీల్చిన ముఖం మీద మీటరు ఎంత చూపించింది. ఎక్కడ కొట్టిందో ఎందుకంటే, కట్టెతోపాటు పురుగూ ప్రయాణం చేస్తుంది. 2002లో ఉత్తర అమెరికాలో ఒక పచ్చటి పెంకుపురుగు బయటపడింది. వంటచెరుకు బళ్లెక్కి కూడా ఊళ్లు దాటి, కోట్లాది యాష్ చెట్లను తినేసింది. దగ్గర కట్టె దగ్గరే అమ్మే మనలాంటి చిన్నవాళ్లకు ఆ మాట చెప్పుకోవడం కూడా బలమే.

ఒక్కడు చీటీ ఇస్తే పిచ్చివాడంటారు, నన్నన్నారు కూడా. ఇంతమందీ ఇస్తే కాటా దగ్గర కూర్చున్నవాడు తలెత్తి చూడాలి. ఇష్టమైనవాళ్లు చీటీ కింద సంతకం పెట్టి ముందు వరసలోకి పంపండి. మీటరు కూడా చేతులు మారుతూ వస్తోంది, బల్ల మీద పేళ్లున్నాయి, గుచ్చి చూసుకోండి. సూదులు మాత్రం వంచకండి, అది అరువు తెచ్చింది.