తలుపుకు గొళ్లెం పెట్టియ్యుండ్రి

స్టేజీ మీదున్న పెద్దలకు, డాక్టర్ మేడమ్‌లకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా అక్కలకు అందరికీ నమస్తే. ప్రతి ఏడాది ఆగస్టు 1 నుంచి 7 దాక తల్లిపాల వారోత్సవాలని మన హన్మకొండల ఫ్లెక్సీలు కడ్తరు, మంచిదే. నన్ను పాలదానం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నరు, కానీ నేను ముందుగాల గొళ్లెం ముచ్చట చెప్త.

అప్పట్ల హైదరాబాద్ల పనిచేస్తుంటి. 26 వారాల లీవ్ ఒడిసి డ్యూటీల చేరినంక పొద్దుగాల పదకొండు కాంగనే రొమ్ములు రాయి లెక్క అయ్యేటియి, పిండకపోతే గడ్డలు కట్టి జ్వరమొస్తది, తల్లులకు ఎరుకే. మా ఆఫీసుల నాకు దొరికిన జాగ రికార్డ్ రూం. బీరువాల నడుమ స్టూలేసుకొని, తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, చున్నీ కప్పుకొని పాలు తీసే పంపు పట్టుకునేది, గొళ్లెం లేదు. అటెండర్ వచ్చి "మేడం, పాత లెడ్జర్ కావాల్నట" అనుకుంట అటు నుంచి తలుపు దొబ్బుతుంటే ఇటు నేను కాలుతోటి కుర్చీని ఆపేది. మీరు నవ్వుతున్నరు గానీ నాకప్పుడు ఏడుపొచ్చేది, భయపడ్తే పాలు గూడ దిగయి.

సరే, పాలదానం. బాబు తాగంగ నాకు మిగిలేటియి. మిగిలినయి చెట్టు మొదట్ల పొయ్యమని మా అత్తమ్మ, ఇంకొకల బిడ్డకిస్తే మన పిల్లగానికి దిష్టి తగుల్తదని ఒకటే లొల్లి. నీలోఫర్ దవాఖానల 2017ల ధాత్రి మిల్క్ బ్యాంక్ పెట్టిన్రు, అక్కడికి పోయిన. ముందు రక్తపరీక్షలు చేస్తరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ లేవని తేలాలె. తర్వాత పాలను 62.5 డిగ్రీల కాడ 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, క్రిములున్నయా అని టెస్టు చేసి మైనస్ 20ల దాస్తరు. నెలలు నిండకుంట పుట్టిన పిల్లలకు డబ్బా పాలు పోస్తే పేగులు దెబ్బతినే రోగం ఎక్కువొస్తది, తల్లికి పాలు పడేదాంక గీ పాలే వాళ్లకు ఆసరా. పైసలియ్యరు, తీసుకోవద్దు గూడ, తల్లిపాలు అమ్ముడు తప్పని తిండి పదార్థాల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024ల గట్టిగనే చెప్పింది. ఐస్ డబ్బా పట్టుకొని పోతుంటే మా వాచ్‌మన్ "చేపలా మేడం" అని అడిగిండు, అవునన్న, ఏం చెప్పాలె మరి? అత్తమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు, ఆఖరి వరసల కూసోని నన్నే చూస్తున్నది.

మళ్ల గొళ్లెం కాడికే వస్త. బిడ్డకు 15 నెలలొచ్చేదాంక రోజుకు రెండు బ్రేకులియ్యాలని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలనే రాసిన్రు. 50 మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే కాడ పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలని 2017ల అండ్ల కలిపిన్రు. బ్రేకిస్తరు సరే, తీసుకొని ఏడికి పోవాలె, బాత్‌రూంకా? మీరు టిఫిన్ అండ్ల కూసోని తింటరా? దానం చెయ్యండని మైకుల చెప్పుడు అల్కగనే ఉంటది, పాలు పిండుకునే జాగ లేని ఆడమనిషికి ముందు తన బిడ్డ పాలే ఎండిపోతయి, ఇంక దానమేంది?

టైం అయిందని చీటీ పంపిన్రు. సార్లు, మీరు ముగ్గురు ఆఫీసర్లున్నరు గదా, ఎవరెవరి ఆఫీసుల ఏ రూం ఇస్తరో చాయ్ రాకముందే చెప్పుండ్రి, టీచరమ్మ రాసుకుంటది.