ఒకే ముట్టడి, మూడు కథనాలు: ఓరుగల్లు గురించి సుల్తానుల కాలపు చరిత్రకారులు ఏం రాశారు?

నమస్కారం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైందని మనమంతా బడిలో చదువుకున్నాం. అంతకు ముందొకసారి అదే సేనాపతి, అంటే ఘియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుఘ్ ఖాన్, కోటను నెలల తరబడి ముట్టడించి, సైన్యం చెల్లాచెదురు కాగా వెనుదిరిగిపోయాడన్న సంగతిని మాత్రం చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ వైఫల్యానికి కారణం ఏమిటన్న దానిపై ముగ్గురు రచయితలు మూడు కథలు చెప్పారు. ఈ రోజు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా ఒక మాట. 1206లో కుతుబుద్దీన్ ఐబక్‌తో ఢిల్లీ రాజ్యం మొదలైనప్పుడు, ఒకప్పుడు బానిసలుగా అమ్ముడుపోయి తర్వాత సింహాసనమెక్కిన తురుష్క సేనానులకు చెప్పుకోదగిన వంశచరిత్ర లేదు. ఆ లోటును చరిత్రకారులు తీర్చారు. 1260లో పూర్తయిన ‘తబఖాత్-ఇ-నాసిరీ’లో మిన్హాజ్ సిరాజ్ ప్రవక్తల కాలం నుంచి కథ ఎత్తుకుని, ఖలీఫాల మీదుగా, ఘజ్నీ, ఘోర్ రాజుల మీదుగా ఢిల్లీ సుల్తానుల దాకా వచ్చాడు. కత్తితో సంపాదించిన రాజ్యానికి కలం ఒక పరంపరను కట్టబెట్టింది. మిన్హాజ్ ఆపిన తర్వాతి కాలాన్ని బాల్బన్ నుంచి అందుకున్నవాడు జియాఉద్దీన్ బరనీ.

ఇక ముట్టడి సంగతి. బరనీ కథనంలో ఉలుఘ్ ఖాన్ నిర్దోషి. ఢిల్లీ నుంచి రావలసిన టపా ఆగిపోయిన అదను చూసి, ఉబైద్ అనే కవి, మరొకడు కలిసి సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు పుట్టించారనీ, భయపడిన అమీరులు తమ దళాలతో వెళ్లిపోయారనీ అతడు రాశాడు. కవి, చరిత్రకారుడు అయిన ఇసామీ దృష్టిలో ఉబైద్ జ్యోతిష్కుడు. కోట ఫలానా రోజుకు పడుతుందని ప్రాణం పందెంగా ఒడ్డి జోస్యం చెప్పి, ఆ రోజు దగ్గరపడుతున్నా గోడ కదలకపోవడంతో తల కాపాడుకోవడానికి పుకారు లేపాడు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అయితే, తండ్రి మీద తిరుగుబాటు తలపెట్టిన ఉలుఘ్ ఖానే ఆ పుకారు పుట్టించమని ఉబైద్‌ను పురమాయించాడని చెప్పాడు.

ఈ ముగ్గురిలో ఎవరూ ముట్టడి జరుగుతుండగా కలం పట్టలేదు. ఇసామీ 1350లో, ఇబ్న్ బతూతా 1355లో, బరనీ 1357లో తమ రచనలు ముగించారు. అప్పటికి ఆ ఉలుఘ్ ఖాన్ మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పాతికేళ్లకు పైగా ఢిల్లీని ఏలాడు, ముగ్గురి జీవితాలనూ ఏదో ఒక విధంగా తాకాడు. రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు ఇసామీ పదహారేళ్ల పిల్లవాడు. తొంభై ఏళ్ల తాతతో కలిసి ఢిల్లీ వదిలాడు. ఆ వృద్ధుడు మొదటి మజిలీ అయిన తిల్పత్‌లోనే కన్నుమూశాడు. ఆ దుఃఖంతో పెరిగిన ఇసామీ, తుగ్లక్‌పై తిరగబడి 1347లో స్వతంత్రించిన బహమనీ కొలువులో కూర్చుని తన కావ్యం రాశాడు. అతని ప్రతి మాటనూ ఈ తిల్పత్ మజిలీని తలచుకుంటూ చదవాలని నేను గట్టిగా నమ్ముతాను.

బరనీ పరిస్థితి ఇంకా జటిలమైనది. పదిహేడేళ్లకు పైగా సుల్తానుకు సహచరుడిగా మెలిగాడు. తిరుగుబాట్లకు అసలు కారణం సుల్తాను పారించిన నెత్తురేనని ఒకసారి అతని ముఖం మీదే చెప్పాలనుకుని, కోపానికి జడిసి నోరు మెదపలేకపోయానని తానే రాసుకున్నాడు. ఒక చరిత్రకారుడు తన పిరికితనాన్ని ఇంత తేటగా ఒప్పుకోవడం అరుదు, నాకు అతనిపై గౌరవం కలిగేది ఇక్కడే. 1351లో సుల్తాను మరణించాక బరనీ కొలువు పోగొట్టుకుని, డెబ్బై నాలుగేళ్ల వయసులో, పేదరికంలో ‘తారీఖ్-ఇ-ఫిరోజ్‌షాహీ’ పూర్తి చేశాడు. కొత్త సుల్తాను ఫిరోజ్‌షా దయ కోసం ఆశగా ఎదురుచూస్తూ రాసిన పుస్తకమది.

మరి దేనిని నమ్మాలి? పరస్పర విరోధులు ఒకే మాట చెప్పిన చోట కాలు మోపవచ్చు. ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా దారిలో మరణించాడని ఢిల్లీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఢిల్లీని నిరసించిన ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం కూడా ఆయన నర్మదా తీరంలో కన్నుమూశాడనే చెబుతోంది. పొగడ్తలోనూ నిందలోనూ ఏకీభవించని ఇద్దరు ఇక్కడ కలిశారు.

అదే అఫీఫ్ మరొక సంగతి చెప్పాడు. బరనీ తన పుస్తకం ముగించే నాటికి ఢిల్లీలో వజీరుగా ఉన్న ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తెలంగాణ మనిషి, ప్రతాపరుద్రుని ఆదరం పొందినవాడు. ఓరుగల్లు రాజకొలువును స్వయంగా ఎరిగిన ఆ వజీరు, ముట్టడి గురించి బరనీకి, ఇసామీకి తెలియని సంగతులెన్నో ఎరిగి ఉండవచ్చు. కానీ మక్బూల్‌కు చదవడం, రాయడం రాదని కూడా అఫీఫే రాశాడు.