తెల్లవారుజామున వీణ మోగింది

శ్రోతలకు నమస్కారం.

మాది విజయనగరం, అయ్యకోనేరు గట్టు దగ్గర. కిందటి మాఘమాసంలో నేనూ మా ఆవిడా కాశీ వెళ్లాం. అక్కడ తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలని ఆవిడకి ఎన్నాళ్ల నుంచో కోరిక. రానూపోనూ కలిపితే పన్నెండు రోజులు. ఇంట్లో మిగిలింది పైడి ఒక్కటే.

పైడి మా పిల్లి. నాలుగేళ్ల కిందట సిరిమానోత్సవం మర్నాడు, వచ్చిన జనమంతా వెళ్లిపోయాక, గంటస్తంభం దగ్గర బొమ్మలమ్మే బల్ల కింద దొరికింది. పైడితల్లమ్మ పండక్కి దొరికింది, ఒళ్లంతా బంగారు రంగు, ఇంకో పేరు వెతుక్కోలేదు. ఆడపిల్లే అనుకున్నాం. పశువుల డాక్టరుగారు చూసి నవ్వారు. ఈ రంగు పిల్లుల్లో ఐదింట నాలుగు మగవేనట. పేరు మాత్రం మార్చలేదు. మా జిల్లాలో పైడిరాజులూ ఉన్నారు, పైడితల్లులూ ఉన్నారు, ఎటైనా చెల్లిపోతుంది.

ప్రయాణం నాడు పెట్టె సర్దుతుంటే మడతల మీద ఎక్కి కూర్చుంది. దింపితే మళ్లీ ఎక్కింది. ఆటో వచ్చి గుమ్మం దాటబోయేసరికి సరిగ్గా కాళ్లకడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరమంటారు. రోజుకి నలభైసార్లు ఎదురొచ్చే పిల్లిని పెంచుకునేవాడు నీళ్లు తాగుతూ కూర్చుంటే రైలు ఆగుతుందా?

చూసుకునే బాధ్యత పక్కింటి అప్పకి అప్పగించాం. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పకి పిల్లులంటే భయం. అయినా మా ఆవిడ అడిగితే కాదనలేదు. సూదీదారం, ఊలు ఉండలు, తాళ్లు అన్నీ బీరువాలో పెట్టాం. పిల్లి దారం మింగిందంటే అది పేగుల్ని ముడతలు పడేలా లాగేసి ఆపరేషన్ దాకా తెస్తుంది. జ్వరం మాత్రలు కూడా లోపల పెట్టాం. మనం తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఇంత జాగ్రత్తపడి, అసలు ఎత్తి పెట్టాల్సిన వస్తువొకటి మరిచిపోయాం. దాని దగ్గరికి వస్తాను.

కాశీలో దిగిన రోజే మొదటి ఫోను. "మేష్టారూ, మీ పిల్లి నిన్నట్నుంచి ఏటీ ముట్టలేదు. మంచం కిందకెళ్లి కూకుంది."

కాశీకి వెళితే ఇష్టమైనదేదో ఒకటి వదిలిపెట్టి రావాలంటారు. నేను కాకరకాయ వదిలేశాను, అదెలాగూ నాకు పడదు. మా ఆవిడ నిజాయితీపరురాలు, వంకాయ వదిలేసింది. తీరా చూస్తే కాశీకి వెళ్లింది మేము, తిండే వదిలేసింది మాత్రం అక్కడ పైడి.

పిల్లి ఒక పూట అలగడం వేరు. రెండు మూడు రోజులు పస్తుంటే మాత్రం, అందులోనూ మా పైడిలాగా ఒళ్లు చేసిన పిల్లయితే, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదకి తెస్తుంది. ఈ సంగతి నాకు ఆ రోజు డాక్టరుగారికి ఫోన్ చేస్తేనే తెలిసింది. టెన్షన్ మొదలైంది. ఈలోగా అప్ప తనకి తోచిన వైద్యం చేసేసింది, గిన్నెడు పాలు పోసింది. తాగింది, సాయంత్రానికి విరేచనాలు. పిల్లీ పాలూ అని చిన్నప్పట్నుంచీ వింటాం కానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. కళ్లు మూసుకుని తాగినా, తెరుచుకుని తాగినా అంతే.

డాక్టరుగారు చెప్పిన ఉపాయం వేరు. పిల్లి నాలుకతో కంటే ముక్కుతో ఎక్కువ తింటుంది, వాసన తగిలేలా గోరువెచ్చగా పెట్టమన్నారు. అప్ప ఎండు నెత్తళ్లు ఉప్పు పోయేదాకా నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి, ఉడకబెట్టి తీసుకెళ్లింది. మంచం కింద నుంచి ముందు ముక్కొచ్చింది, తర్వాత మీసాలొచ్చాయి, ఆ తర్వాత పిల్లి వచ్చింది. ఈ మాట అప్ప చెబుతుంటే స్పీకర్లో విన్న మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

తిండి దారిన పడింది. అల్లరి మొదలైంది.

మూడో రోజు నా తలగడ తడిపేసింది. ఇంట్లో ఇసుక తొట్టె ఉంది, పెరడు ఉంది, అవన్నీ వదిలేసి సరిగ్గా నా తలగడ. "పగబట్టీసింది మేష్టారూ," అంది అప్ప. నేనూ అలాగే అనుకున్నాను. తిరిగొచ్చాక డాక్టరుగారు చెప్పారు. అమెరికాలో ఇలాంటి 136 పిల్లుల కేసులు పరిశీలించి 2002లో ఒక వ్యాసం వేశారట. యజమాని లేనప్పుడు అలా తడిపిన పిల్లుల్లో ఎక్కువ భాగం వెతుక్కుని మరీ వెళ్లింది యజమాని పక్క మీదికే. అది పగ కాదట, బెంగట. మన వాసన ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ తన వాసన కలిపితే దానికి గుండె కుదుటపడుతుందట. నా తలగడకి అంత గౌరవం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. తలగడని మాత్రం పారెయ్యక తప్పలేదు.

నాలుగో రోజు అప్ప తలుపు తియ్యగానే కాళ్ల సందులోంచి జారుకుని పక్క డాబా ఎక్కింది. అక్కడ అప్ప అప్పుడే పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి, పిండి ఇంకా తడారలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి బట్ట మీద ఒకే వరసలో పాదాలు, కృష్ణాష్టమికి గుమ్మంలో వేసే చిన్నికృష్ణుడి అడుగుల్లాగా. తలగడకి బెంగ కారణం, ఒప్పుకుంటాను. వడియాలకి మాత్రం నా దగ్గర ఏ శాస్త్రమూ లేదు.

ఇక ఐదో రోజు. తెల్లవారుజాము నాలుగు దాటింది. మేం గంగ ఒడ్డుకి వెళ్లడానికి లేచాం. ఫోన్ మోగింది. అప్ప గొంతు వణుకుతోంది.

"మేష్టారూ, మీ ఇంట్లో ఎవులో వీణ వాయిస్తున్నారు."

మరిచిపోయాం అన్నానే, అదే. మా ఆవిడ వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసింది. 1919లో మా ఊళ్లో పెట్టిన సంగీత కళాశాలలో, ఒకప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాలలో, ఆవిడ నేర్చుకునే రోజుల్లో కొన్నది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక అరగంట వాయిస్తుంది. పైడి ఆ అరగంటా ఆవిడ మోకాలి పక్కనే పడుకుంటుంది. వీణని చాప మీద పెట్టి, పాత నేత చీర కప్పి వచ్చేశాం.

తాళం వేసిన ఇంట్లో, దీపం లేదు, వీణ మోగుతోంది. అప్ప, అప్ప కొడుకు, పాలబ్బాయి, ఎదురింటివాళ్లు అందరూ మా వీధరుగు కింద నిలబడ్డారట. తాళంచెవి అప్ప చేతిలోనే ఉంది, తీసే ధైర్యం ఎవరికీ లేదు. పిల్లి మెడలో గంట కట్టడానికే మనిషి దొరకడంటారు, ఇక్కడ లోపలున్నది పిల్లి అని కూడా ఎవరికీ తట్టలేదు.

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "అప్పా, ఫోన్ కిటికీ దగ్గర పెట్టు." పెట్టింది. ఈవిడ కళ్లు మూసుకుని వింది. టంగ్. కాసేపు ఆగి మళ్లీ టంగ్.

"అనుమంద్రం తీగ," అంది, వీణలో అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ అది. "శ్రుతి దిగిపోయింది. దెయ్యమైతే శ్రుతి చేసుకుని వాయిస్తుంది. అది మన పైడి. తలుపు తియ్యండి."

తీశారు. చీర కింద గుండ్రంగా ఒక ఉబ్బు. కదిలినప్పుడల్లా గోరు తీగకి తగిలి మోగుతోంది. పిల్లి రోజులో పన్నెండు గంటలకి పైనే నిద్రపోతుంది, చురుకంతా సందెవేళ, తెల్లారుజామున. ఇల్లు పడుకుని ఉన్న వేళ దానికి పగలే. చీరకి ఆవిడ వాసన, వీణకి ఆవిడ వాసన, మధ్యలో దూరి పడుకుంది. ఆ చీరనే బుట్టలో పరిచి వంటింట్లో పెట్టమన్నాం. పెట్టాక వీణ జోలికి పోలేదు.

నేనొక తెలివితక్కువ పని కూడా చేశాను. దానికి మా గొంతు వినిపిస్తే బాగుంటుందని ఫోన్లో "పైడీ, పైడీ" అని పిలిచాను. పాపం, ఫోన్ వెనక వెతికిందట, తలుపు దాకా పరిగెత్తి వచ్చిందట, ఆ పూట మళ్లీ తినలేదు. "మీరు పిలకండి మేష్టారూ, నాను సూసుకుంతాను," అంది అప్ప. ఆ సాయంత్రం నుంచి తన రేడియో తెచ్చుకుని మా వంటింట్లో గంటసేపు కూర్చునేది. రెండు రోజులు పైడి దూరంగా కూర్చుంది. మూడో రోజు వచ్చి అప్ప కొంగు మీద పడుకుంది. అప్ప భయం వేసి కదల్లేకపోయిందట, కాళ్లు తిమ్మిరెక్కేదాకా.

మేం తిరిగొచ్చినప్పుడు ఎదురు పరిగెత్తుకొస్తుందనుకున్నాం. గుమ్మంలో ఒకసారి చూసింది. ఎవరో వచ్చార్లే అన్నట్టు లోపలికి పోయింది. పెట్టె తెరిచాక వచ్చి, కాశీ బట్టలన్నీ ఒక్కొక్కటే వాసన చూసింది. ఆ పని పూర్తయ్యాక అందులోనే పడుకుంది.

జపాన్‌లో ఇరవై పిల్లుల మీద ఒక పరీక్ష చేశారు, 2013లో వెలువడింది. తెలియనివాళ్ల గొంతులు, యజమాని గొంతు వరసగా రికార్డులో వినిపించారు. యజమాని గొంతు వాటికి తెలిసింది. చెవులు తిప్పాయి, తల తిప్పాయి. లేచి మాత్రం రాలేదు. పిల్లిని పెంచేవాళ్లెవర్నడిగినా పరీక్ష అక్కర్లేకుండా చెప్పేవాళ్లు.

ఇప్పుడు సందెవేళ అయ్యేసరికి పైడి మా ఇంట్లో ఉండదు. వీణ అయిపోగానే గోడ దూకి, అప్ప వీధరుగు మీద రేడియో పక్కన కూర్చుంటుంది. ఈ ప్రసంగం ముందే రికార్డు చేస్తున్నాం కాబట్టి, మీరు వింటున్న ఈ వేళకి నేనూ ఆ అరుగు మీదే ఉంటాను, నోరు మూసుకుని. నా గొంతు పెట్టెలోంచి వస్తుంటే, నేను పక్కనుంటే, పైడి ఎటు తల తిప్పుతుందో చూడాలి. అప్ప పందెం కాసింది, "రేడియో వైపే సూస్తాది మేష్టారూ" అని.

నమస్కారం.