నీరు తేరుకునే నెల

శ్రోతలకు నమస్కారం.

చలికాలం పొద్దున్నే ఒడిశాలోని గోపాలపూర్ ఒడ్డున నిలబడితే, రాత్రి వేటకెళ్లిన పడవలు ఒక్కొక్కటే కెరటం దాటుకుని వస్తూ కనిపిస్తాయి. వలలోంచి చేపలు విడదీసుకుంటూ వాళ్లు మాట్లాడుకునేది మన తెలుగే. ఒడియావాళ్లు వీళ్లని నోలియాలంటారు. పూరీలో స్నానాలకు దిగినవాళ్లని పట్టుకుని కెరటాలు దాటించేదీ ఈ నోలియాలే. నేను బరంపురంలో సైన్సు మాస్టారిని. ఆదివారమైతే ఈ ఒడ్డుకొచ్చి కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. నలభై దాటాక స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ వీపుకు కట్టుకుని సముద్రంలో మునగడం, నేర్చుకున్నాను. నా దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇప్పుడు అడుగుతున్నారు: "మాస్టారూ, డైవింగ్‌కి తక్కువ డబ్బులతో ఎక్కడికెళ్తే బాగుంటుంది?" వాళ్లకి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను.

ఇంటిముందు సముద్రం పెట్టుకుని వేరే చోటికెందుకు అని మీకు అనిపించవచ్చు. మన తీరంలో అడుగున ఉన్నది ఇసుక. ఋషికుల్య లాంటి నదులు తెచ్చే ఒండ్రు అందులో కలుస్తుంది. కెరటం దాన్ని రోజంతా కలియబెడుతూనే ఉంటుంది. మూరెడు లోతులో చెయ్యి పెడితే వేళ్లు కనబడవు. ఆ ఇసుకే తాబేళ్లకు పురుడు పోస్తుంది. ఆలివ్ రిడ్లీలు వేలకు వేలుగా వచ్చి గుడ్లు పెట్టేది ఋషికుల్య మొగ దగ్గరే. అందుకోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ ఒడ్డు తాబేళ్లది. పగడపు దిబ్బలు చూడాలంటే మనమే కదలాలి.

నా మొదటి డైవ్ సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు. ఎక్కడా లేనంత చవక అని ఒకరు చెబితే దసరా సెలవుల్లో వెళ్లాను. పడవెక్కించారు, మాస్క్ తగిలించారు, నీళ్లలో దింపారు. చెవిలో ఒత్తిడి వస్తే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలని ఎవరూ చెప్పలేదు. రెండు నిలువుల లోతుకి వెళ్లేసరికి చెవిలో మేకు దిగినట్టయింది. అంత బాధా పడి చూసింది ఏమిటంటే, గంజి లాంటి నీళ్లు. వారం రోజులు ఎడమ చెవి సరిగా వినబడలేదు. తిరిగొచ్చి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన తలెత్తకుండానే, "నీరు తేరుకోకుండా దిగితే ఏటగుపడతాది మాస్టారూ? ఊరు చూసుకోడం కాదు, ముందు నెల చూసుకోవాల" అన్నారు.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. చాలామంది ముందు ఊరు ఎంచుకుంటారు, తర్వాత టికెట్ కొంటారు, అక్కడికి వెళ్లాక నీళ్లెలా ఉన్నాయో చూస్తారు. ఇది తిరగెయ్యాలి. మనకు సెలవులు ఎప్పుడో ముందే తెలుసు. ఆ రోజుల్లో ఏ తీరంలో నీరు తేటగా ఉంటుందో కనుక్కుని, ఊరిని ఆ తర్వాత ఎంచుకోవాలి.

దసరాతో మొదలుపెడదాం. అక్టోబరులో మన బంగాళాఖాతాన్ని నమ్మడానికి లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా దసరా రోజుల్లో. మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. కాబట్టి దసరాకైతే పడమటి తీరం చూడండి. వానాకాలంలో మూసేసిన డైవింగ్ అక్కడ అప్పుడప్పుడే తెరుస్తారు. కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో వెళ్లే నేత్రాణి దీవి ఉంది. మహారాష్ట్రలో సింధుదుర్గ్ కోట పక్కన మాల్వణ్, తార్కర్లీ ఉన్నాయి. మాల్వణ్‌లో లోతు తక్కువ, ఖర్చూ తక్కువే. భయం పోగొట్టుకోవడానికి సరిపోతుంది. నేత్రాణిలో చేపలు ఎక్కువ, నీళ్లూ మెరుగు. ఒకటే ఇబ్బంది, వానలు ఆలస్యంగా వెనక్కి వెళితే అక్టోబరు మొదట్లో నీళ్లింకా కలకగానే ఉంటాయి. నెలాఖరుకు పెట్టుకుంటే మంచిది.

సంక్రాంతికైతే నేను అండమాన్ అంటాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. విమానం టికెట్ ముందుగా తీసుకోలేనివాళ్లకు ఓడ ఉంది. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి వెళుతుంది కానీ విశాఖ నుంచి చాలా అరుదు. ఓడలో రెండున్నర మూడు రోజులు పడుతుంది, ఆ సెలవు మీకుందా చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడ మన శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. భాషకి, అన్నానికి బెంగ లేదు. అక్కణ్నుంచి హావ్‌లాక్, అంటే స్వరాజ్ ద్వీప్‌కి ప్రైవేటు పడవలకంటే ప్రభుత్వ పడవ బాగా చవక. దాని టికెట్లు తొందరగా అయిపోతాయి, అదొక్కటే తిప్పలు. పక్కనున్న నీల్, ఇప్పటి షహీద్ ద్వీప్, ఇంకా చిన్నది. నా మట్టుకు నాకు నీలే ఇష్టం. ఒక మాట గుర్తుపెట్టుకోండి. 2010 వేసవిలో సముద్రం మరీ వేడెక్కి అండమాన్‌లో పగడాలు చాలామటుకు తెల్లబడిపోయాయి. కొన్నిచోట్ల ఇంకా బూడిదకుప్పలే. మీరు వెళ్లినచోట ఏ దిబ్బ బాగుందో స్థానికులనే అడగాలి.

వేసవి సెలవుల్లో విదేశం పోవచ్చు, ఖర్చు మీరనుకున్నంత ఉండదు. ఇక్కడ గాలులు తెలిస్తే డబ్బు మిగులుతుంది. నైరుతి గాలి మే నుంచి పడమటి ఒడ్డులను కొడుతుంది, తూర్పు ఒడ్డులు ప్రశాంతంగా ఉంటాయి. శ్రీలంకలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా డైవ్ చెయ్యాల్సింది నైరుతిలోని హిక్కడువలో. మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పున ట్రింకోమలీలో. థాయిలాండ్‌లోనూ అంతే. పడమటి వైపు సిమిలాన్ దీవులు వానాకాలంలో మూసేస్తారు. తూర్పు సింధుశాఖలోని కో తావ్ మాత్రం ఆ నెలల్లో బాగుంటుంది. ప్రపంచంలో ఎక్కువమంది స్కూబా నేర్చుకునే చోట్లలో కో తావ్ ఒకటి. అంగడికి అంగడి పోటీ కాబట్టి కోర్సు చవక. బాంకాక్ నుంచి రాత్రి రైలెక్కి చుంఫోన్‌లో దిగి పడవ పట్టుకుంటే ఒక రాత్రి గది అద్దె కూడా తగ్గుతుంది. అదే కో తావ్‌కి నవంబరులో వెళితే వాన, కెరటం తప్ప ఇంకేమీ ఉండదు. మలేషియా పెర్హెంతియన్ దీవులైతే ఈశాన్య గాలుల కాలంలో దాదాపు పూర్తిగా తలుపులు వేసుకుంటాయి.

ఖర్చు గురించి ఒక కిటుకు. డైవింగ్‌లో డబ్బు తినేది పడవ. ఒడ్డునుంచే నడిచి దిగగలిగే చోటుంటే ఆ డబ్బు మిగిలినట్టే. బాలిలో తులాంబెన్ అనే పల్లె ఉంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి కొట్టిన అమెరికన్ సరుకు ఓడ లిబర్టీని అక్కడి ఒడ్డుకు ఈడ్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది నీళ్లలోకి జారింది. ఇప్పుడు ఒళ్లంతా పగడాలు కప్పుకుని ఐదారు మీటర్ల నుంచి ముప్పై మీటర్ల లోతు దాకా పడుకుని ఉంది. గులకరాళ్ల ఒడ్డు మీద నడిచి నీళ్లలోకి దిగడమే. సిలిండర్లను ఆ ఊరి ఆడవాళ్లు తలమీద పెట్టుకుని మోసుకొస్తారు. మా గోపాలపూర్‌లో చేపలబుట్టలు మోసే అమ్మలే కళ్లముందు కనబడతారు. ఆ ఓడను కొట్టిన మూడు నెలలకే, 1942 ఏప్రిల్ 6న, అదే జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మా తాతయ్య ఆ రోజుల భయాన్ని కథలుగా చెప్పేవారు. ఆ యుద్ధంలో దెబ్బతిన్న ఓడలో ఇప్పుడు చేపలు కాపురాలు పెట్టుకున్నాయి.

బొత్తిగా దగ్గరలో, ఒక్కరోజులో తేల్చుకోవాలంటే విశాఖ ఉంది. రుషికొండ, మంగమారిపేట వైపు చలికాలంలో డైవింగ్ చేయిస్తారు. అండమాన్ నీళ్లంత తేటగా ఉండవు. నీటి కింద ఊపిరి తీసుకోవడం మనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం మన రైలు దూరంలో అంతకంటే మంచి చోటు లేదు.

పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. పోయినచోటల్లా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని చేసే అరగంట డైవ్‌లకి డబ్బు తగలేయకండి. ఒకసారి ఎలా ఉంటుందో చూడండి, నచ్చితే ఓపెన్ వాటర్ కోర్సు చెయ్యండి. మూడు నాలుగు రోజులు పడుతుంది. సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయించి, నేర్చుకున్నట్టు ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డుతో పద్ధెనిమిది మీటర్ల దాకా దిగవచ్చు, అది ఎప్పటికీ చెల్లుతుంది.

దుకాణం ఎంచుకునేటప్పుడు ధర చివర్న అడగండి. ముందు వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారో చూడండి. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఇవేవీ అడక్కుండా సిలిండర్ వీపుకు కట్టేవాడి దగ్గరనుంచి లేచి వచ్చెయ్యండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది అని అడగండి. మొదటిసారి దిగేవాళ్లకి ఒకరికి ఒకరుంటే మంచిది. జలుబు చేస్తే ఆరోజు మానెయ్యాలి, కట్టిన డబ్బు పోయినా సరే. ఇంటికి వచ్చే విమానం ఎక్కేముందు ఒక్క డైవే చేసుంటే కనీసం పన్నెండు గంటలు, రోజుల తరబడి చేసుంటే పద్ధెనిమిది గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటకి పోవాలి కదా. టికెట్ కొనేటప్పుడే ఆ చివరిరోజు ఖాళీగా ఉంచుకోండి.

ఇక ఊపిరి. సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తి నింపినది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైకంటే రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లోనే రెట్టింపవుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే స్కూబాలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు మన బుడగలకంటే మెల్లగా రావాలి.

ఈ పాఠం బాగా ఈదగలవాళ్లకే కష్టం. నాకు నెల గురించి చెప్పిన ఆ పెద్దాయన కొడుకు ఇంటర్ చదివాడు. చిన్నప్పటినుంచీ మునిగి చిక్కుకున్న వలలు విడిపించినవాడు. పైన పీల్చిన గాలితో మునిగి లేస్తే ప్రమాదం లేదు, ఆ గాలి మళ్లీ పైన ఎంతుందో అంతే అవుతుంది. వాడికి నీళ్లంటే బిగబట్టడమే. విశాఖలో స్కూబా నేర్చుకోవడానికి వెళ్తే, మొదటిరోజు ఇన్‌స్ట్రక్టర్ వాడిచేత గంటసేపు బుడగలు ఊదించాడట. ఇప్పుడు సంక్రాంతి వెళ్లగానే ఇద్దరం అండమాన్ బయల్దేరుతున్నాం. వాడు కోర్సు పూర్తిచేసి అక్కడే ఏదైనా పని దొరుకుతుందేమో చూసుకుంటానంటున్నాడు.

మొన్న ఆదివారం ఆ పెద్దాయన ఎండుచేపల మూట నా చేతిలో పెట్టారు. నలభై ఏళ్లుగా గంగమ్మ మీద బతుకుతున్న మనిషి. కాసేపు నీళ్లవైపు చూసి అన్నారు: "అడుగున ఎలాగుంటాదో నానెప్పుడూ సూడలేదు మాస్టారూ. మీరొచ్చి సెప్పండి."

నమస్కారం.