ఆగమని చెప్పింది నేనే

సభకు నమస్కారం. నా గురించి అధ్యక్షులు చెప్పవలసిన దానికన్నా ఎక్కువే చెప్పారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనదలచినవారు కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే కొనాలా అన్నది నాకిచ్చిన అంశం. ముప్పై ఏళ్లుగా నన్ను అడుగుతున్నది ఇదే ప్రశ్న. అందులో చాలా ఏళ్లు అందరికీ ఒకటే జవాబు చెప్పాను: ‘ఆగండి’. ఆ మాట వల్ల మా ఇంట్లో ఒక నష్టం జరిగింది. అది నలుగురిలో చెప్పుకోవాలనే ఈ ఆహ్వానానికి ఒప్పుకున్నాను.

ముందుగా, ఆగడమే న్యాయమైన సందర్భం ఒకటి చెబుతాను. 2005 జూన్‌లో ఆపిల్ తన కంప్యూటర్లలో మెదడు వంటి ప్రాసెసర్‌ను పవర్‌పీసీ రకం నుంచి ఇంటెల్ రకానికి మారుస్తానని బహిరంగంగా ప్రకటించింది. అక్టోబరులో పాత ప్రాసెసర్‌తోనే ఐమ్యాక్ అనే ఆపిల్ డెస్క్‌టాప్ ఒకటి వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి, 2006 జనవరిలో, ఇంటెల్ ఐమ్యాక్ వచ్చేసింది. 2009లో విడుదలైన స్నో లెపర్డ్ అనే ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ పాత ప్రాసెసర్ మీద అసలు నడవనే లేదు. అక్టోబరులో కొన్నవారి యంత్రం నాలుగేళ్లు నిండకుండానే వెనకబడిపోయింది. అక్కడ జరిగింది వేగం కాస్త పెరగడం కాదు, పునాదే మారడం. పైగా తయారీదారు ముందే నోరు తెరిచి చెప్పాడు. అటువంటప్పుడు ఆగాలి, సందేహం లేదు.

మనలో ఎక్కువమంది ఎదురుచూసేది అటువంటి ప్రకటన విని కాదు. ‘వస్తుందట’ అన్న మాట విని. ఆ ‘అట’కు పూచీ ఎవరిది? 2021 వసంతంలో ఆపిల్ సొంత చిప్ ఎం1తో ఐమ్యాక్ వచ్చింది. మరుసటి ఏడు ఎం2 చిప్ ల్యాప్‌టాప్‌లలోకి వచ్చేసరికి, ఐమ్యాక్‌లోకి కూడా రాకపోతుందా అని కూర్చున్నవారు ఎందరో. అది రానే లేదు. 2023 అక్టోబరు చివరన నేరుగా ఎం3 ప్రకటించారు. రెండున్నరేళ్లు గడిచాయి. ఆపిల్ శక్తిమంతమైన డెస్క్‌టాప్ మ్యాక్ ప్రో సంగతి మరీ అన్యాయం. 2013 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన నమూనాకు వారసుడు 2019 డిసెంబరులో గానీ రాలేదు. వృత్తి కోసం దాన్ని నమ్ముకున్నవారు ఆరేళ్లు ఏం చేయాలి?

వచ్చినది మెరుగ్గానే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. ఆపిల్ చిన్న డెస్క్‌టాప్ 2012 మ్యాక్ మినీలో నాలుగు కోర్ల, అంటే ఒకేసారి పనిచేసే నాలుగు భాగాల ప్రాసెసర్ దొరికేది, మెమరీని మనమే మార్చుకోగలిగేవాళ్లం. రెండేళ్లు ఆగినవారికి 2014లో దక్కినది రెండు కోర్ల యంత్రం, అదీ మెమరీని బోర్డుకే అతికించి. ఇటు ఇంటెల్ పక్క చూడండి. 2023 అక్టోబరులో వచ్చిన 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఏడాది ముందరి 13వ తరానికి కొద్దిగా మెరుగులు దిద్దినవే. ఇక 2020 సెప్టెంబరులో ఎన్‌విడియా కొత్త గ్రాఫిక్స్ కార్డులు విడుదలయ్యాయి, కానీ మరుసటి ఏడాది పొడుగునా అవి కావలసినవారి చేతికి దొరకలేదు. ప్రకటించడం వేరు, మన బల్ల మీదికి రావడం వేరు.

ఇప్పుడు మా అక్కయ్య సంగతి చెబుతాను. ఆవిడ లెక్కల టీచరు. పిల్లల కోసం తానే కల్పించిన లెక్కల పొడుపుకథలు పంతొమ్మిది నోటుపుస్తకాల నిండా ఉన్నాయి. పదవీ విరమణ చేశాక వాటిని టైపు చేయాలని సంకల్పించింది. ఇంట్లో ఉన్న కంప్యూటర్ చాలా పాతది. స్విచ్చు నొక్కి, పేపరు తీసి మొదటి పేజీ చదివేసేది. అప్పటికీ తెర మీద ఇసుక గడియారం తిరుగుతూనే ఉండేది. లోపల డిస్కు టిక్కు టిక్కుమనేది. ‘కొత్తది కొందామా?’ అని నన్ను అడిగింది. రెండు నెలల్లో మంచి మోడల్ వస్తోందని ఎక్కడో చదివి ఉన్నాను. ‘ఆగక్కా’ అన్నాను. ‘నీకు తెలిసినంత నాకేం తెలుసు, అలాగే’ అంది.

రెండు నెలలు ఆరయ్యాయి. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఆరు నెలలకు మళ్లీ అడిగింది. ఇన్నాళ్లూ ఆగాం కదా, ఇప్పుడు కొంటే ఆగినదంతా వృథా అన్నాను. దయచేసి ఈ మాటను పట్టి చూడండి. గడిచిన ఆరు నెలలు ఎటూ తిరిగి రావు. వాటిని సాకుగా చూపి మరో ఆరు నెలలు పోగొట్టడానికి నాకేం హక్కుంది? మొత్తం రెండేళ్ల నాలుగు నెలలు ఆపాను. ఆ మధ్యలో ఆవిడ కంటి మధ్యచూపు పోయింది. చుట్టూ ఉన్నవి లీలగా తెలుస్తాయి, సూటిగా చూసిన చోట మసక. కొత్త కంప్యూటర్ వచ్చింది. నిజంగానే వేగమైనది. ఆవిడ దాని ముందు కూర్చుని తెర మీద చెయ్యి పెట్టి తడిమింది.

టైపు చేయడానికి వేగం ఎంత కావాలి చెప్పండి? ఆ రోజు అమ్మకంలో ఉన్న అన్నిటికన్నా నెమ్మదైన యంత్రం చాలు ఆ పనికి. నేను ప్రాసెసర్ తరాలు లెక్కపెట్టాను, ఆవిడ పని ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు నేను టైపు చేస్తున్నాను. నాలుగు పుస్తకాలు పూర్తయ్యాయి. పొడుపుకథ చదివి వినిపిస్తే విడుపు ఠక్కున చెబుతుంది. కానీ పేజీల అంచున ఆవిడ గీసుకున్న బొమ్మలున్నాయి, గుర్తులున్నాయి. ‘ఈ త్రిభుజం నుంచి కిందికి బాణం ఎందుకు గీశావక్కా?’ అని అడుగుతాను. ‘ఏ బాణం?’ అంటుంది.

కాగితం మీద ఇంకా చాలా రాసుకొచ్చాను, వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం మీకు విన్నవిస్తాను. ఆగాలనిపిస్తే కేలండరు మీద ఒక తేదీ రాసుకోండి. తయారీదారు తేదీ ప్రకటించి ఉంటే అదే రాయండి. వట్టి వార్తే అయితే నెల రోజులకు మించి గడువివ్వకండి. ఆ రోజు దాటితే ఉన్నవాటిలో మీ పనికి సరిపడేది కొనండి, మళ్లీ తేదీ మార్చకండి. వారం తర్వాత కొత్తది వస్తే? రానివ్వండి. మీరు కొన్నది నిన్నటి కన్నా నెమ్మదించదు.

ఆగేవారు కూడా పని ఆపనక్కరలేదు. పాత కంప్యూటర్ నత్తనడకకు చాలాసార్లు కారణం ప్రాసెసర్ కాదు, తిరిగే హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు, అక్కడక్కడా చెదిరి ఉన్న సమాచారాన్ని సెకనుకు సుమారు వందసార్లు మాత్రమే వెతికి తేగలదు. తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీ అనే నిల్వ పరికరం అదే పనిని వేలసార్లు చేస్తుంది. విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి, విండోస్ 11ను చాలా పాత యంత్రాలు అధికారికంగా అందుకోలేవు. అటువంటివి ఉన్నవారు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవచ్చు, లేదా ఇంక ఆగకుండా కొనేయవచ్చు.

వెనక బల్ల మీద ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి పెట్టాను. పక్కనే స్క్రూడ్రైవరు, ఒక ఎస్ఎస్‌డీ, కేబుల్ ఉన్నాయి. డిస్కు ఎలా మార్చాలో, దానికి ముందు ఫైళ్లు వేరే చోట ఎలా భద్రపరచాలో చూపిస్తాను. ఇంట్లో టిక్కు టిక్కుమంటున్న డిస్కు ఉన్నవారు ముందు వరుసలో నిలబడండి.