ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పీజీకి ముందు ఏ కోర్సులు చదవాలి?

అందరికీ నమస్కారం. ఫైనలియర్ పిల్లలు చాలామంది "సార్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎంఎస్సీ చేద్దామనుకుంటున్నాం, ముందే ఏ కోర్సులు చేసి పెట్టుకోవాలి" అని అడుగుతున్నారు, అడుగుతూనే ఫోన్లో ఇంత పొడుగు లిస్టు చూపిస్తున్నారు. అన్నీ వద్దు. ఏ సమస్య మీద పనిచేయాలని ఉందో ముందు తేల్చుకోండి, దానికి కావాల్సిన వాటిలో మీ డిగ్రీలో లేనిదేదో అది చదవండి.

మన నల్లగొండ ఫ్లోరైడ్ సంగతే చూడండి. మర్రిగూడ, మునుగోడు వైపు కింద గ్రానైట్ ఉంది, అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి, ఇంతవరకు అందరికీ తెలుసు. మరి ఒక బోరులో ఎక్కువ, పక్క బోరులో తక్కువ ఎందుకుంటుంది? ఒక ముఖ్య కారణం కాల్షియం. నీళ్లలో అది బాగా ఉంటే ఫ్లోరైడ్ అంతగా కరగదు, కాల్షియం తగ్గి బైకార్బొనేట్ పెరిగితే రాయి నుంచి ఇంకా కరిగి నీళ్లలోనే ఉండిపోతుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి (NEERI, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో తయారుచేసిన నల్లగొండ టెక్నిక్‌లో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరే, కానీ పటిక ఎంత వెయ్యాలనేది నీళ్ల క్షారతను బట్టి మారుతుంది, మోతాదు కుదరకపోతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ద్రావణీయత, సమతాస్థితి, పీహెచ్ రాకుండా ఈ పని చేయలేరు. అందుకే డిగ్రీలో కెమిస్ట్రీ లేనివాళ్లు మిగతావన్నీ పక్కనపెట్టి దాంతోనే మొదలుపెట్టండి, నీళ్ల మీద పనిచేయాలనుకుంటే ఇందులో రాజీ లేదు.

తర్వాత స్టాటిస్టిక్స్. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. ఒక ఊళ్లో ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, ఇంకో బోరులో 2.4 ఉన్నాయనుకోండి. సగటు తీస్తే 1.5, అంటే మన దేశ ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి దాటలేదని కాగితం మీద రాసేయొచ్చు, కానీ రెండో బోరు నీళ్లు తాగే ఇంటి పిల్లల పళ్లు, ఎముకలు ఏమవుతాయి? ఆ తేడా పట్టుకోవడానికే ఈ సబ్జెక్టు.

బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వాళ్లు ఇంటర్‌లోనే మ్యాథ్స్ వదిలేశారు కాబట్టి లాగరిథమ్స్, కాలిక్యులస్ మొదటి మెట్టు వరకైనా చూసుకోండి, భూగర్భజలాల ప్రవాహం లెక్కకట్టాలంటే అవి కావాలి. ఎంపీసీ వాళ్లకు ఎకాలజీ ఉండదు, అమ్రాబాద్ అడవి మీద పనిచేయాలనుకునేవాళ్లు అది చదవాల్సిందే. జీఐఎస్‌కు, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పనికి, డబ్బు కట్టకండి, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ మండలం మ్యాప్ మీరే గీసి నేర్చుకోండి.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం (SWAYAM)లో కోర్సు వినడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే ఫీజు ఉంటుంది. ఆ ఫీజు కట్టే ముందు, ముఖ్యంగా విదేశాలకు పోవాలనుకునేవాళ్లు, చేరబోయే డిపార్ట్‌మెంటుకు సిలబస్ కాపీ జతచేసి మెయిల్ పెట్టండి. కొన్నిచోట్ల ఆన్‌లైన్ సర్టిఫికెట్ సరిపోతుంది, కొన్నిచోట్ల మార్కులు, క్రెడిట్లు ఉన్న కోర్సే కావాలంటారు, కొందరైతే సీటు ఇచ్చాక మొదటి సెమిస్టర్‌లో చదువుకోనిస్తారు. జవాబు రాతలో తీసుకోండి.

ఇప్పుడు మీ మార్కుల మెమోలు బయటకు తీయండి, ఎవరికి ఏ సబ్జెక్టు లేదో ఒక్కొక్కరిదీ చూద్దాం.